బంతి కింద పడినా బ్యాటర్ అవుటేనా? లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) రూల్స్ తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

ఫ్రిస్కో_నాన్న
మా వాడికి పదేళ్ళు. లిటిల్ లీగ్ మైనర్స్‌లో (మేజర్స్ కింది స్థాయి) ఆడుతున్నాడు. నిన్నటి గేమ్‌లో ఒక ప్లే గురించి ఇంట్లో రాత్రంతా వాదనే. తెలిసినవాళ్ళు విడమరిచి చెబితే మేలు చేసినవాళ్ళవుతారు.

మా టీమ్ బ్యాటింగ్. ఒక అవుట్. మా వాడు ఫస్ట్ బేస్ మీద, ఇంకో పిల్లాడు సెకండ్ బేస్ మీద. బ్యాటర్ కొట్టిన బంతి నిట్టనిలువుగా పైకి లేచింది. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) సరిగ్గా దాని కిందికి వచ్చి గ్లవ్ ఎత్తి నిలబడ్డాడు. బంతి ఇంకా గాల్లో ఉండగానే అంపైర్ చేయి పైకెత్తి వేలు చూపిస్తూ ఏదో అరిచాడు. బంతి గ్లవ్‌లో పడినట్టే పడి జారి కింద పడింది. ఇక చూడండి, మా పేరెంట్స్ అందరం లేచి నిలబడి "పరిగెత్తు, పరిగెత్తు" అని ఒకటే కేకలు. సెకండ్ మీదవాడు థర్డ్‌కి, మా వాడు సెకండ్‌కి పరుగో పరుగు. షార్ట్‌స్టాప్ బంతి తీసి థర్డ్‌కి విసిరాడు. థర్డ్ బేస్‌లో ఉన్నవాడు బంతి పట్టుకుని బేస్ తొక్కాడు, అంపైర్ సేఫ్ అన్నాడు. వాడు వెంటనే సెకండ్‌కి విసిరితే అక్కడ మా వాణ్ణి ట్యాగ్ చేశారు (బంతితో తాకారు). అవుట్. మూడు అవుట్లయ్యాయి, ఇన్నింగ్స్ అయిపోయింది అన్నాడు. బ్యాటర్ ఏమో ఫస్ట్ బేస్ మీద నిలబడి బిక్కమొహం వేశాడు.

బంతి పట్టుకోకుండానే బ్యాటర్ ఎలా అవుటయ్యాడు? థర్డ్ బేస్ తొక్కినా అక్కడివాడు ఎలా సేఫ్? ఈ లెక్కన మా వాడొక్కడే ఎందుకు అవుట్? అవతలి కోచ్ కూడా థర్డ్ బేస్ విషయంలో అంపైర్‌తో గొడవ పడ్డాడు, అంటే రెండు వైపులా ఎవరికీ అర్థం కాలేదన్నమాట.

గల్లీ_క్రికెటర్
నేల తాకిన బంతికి అవుట్ ఏంటండీ? అంపైర్ తప్పే. మీ కోచ్ గట్టిగా అడగాల్సింది.

కాకినాడ_కాజా
చేయి పైకెత్తాడంటే అది ఇన్‌ఫీల్డ్ ఫ్లై. మన పేరెంట్స్ అందరికీ మొట్టమొదట తల తిరిగేది ఈ రూల్ దగ్గరే. శీనుగారు వస్తారు, కాస్త ఆగండి.

స్కోర్‌బుక్_శీను
వచ్చాను. అంపైర్ మూడు నిర్ణయాలూ కరెక్టే, ఒక్కటి కూడా తప్పు లేదు.

ఫస్ట్, సెకండ్ రెండు బేస్‌ల మీదా రన్నర్లు ఉన్నారు. అవుట్లు రెండు కాలేదు. ఇలాంటప్పుడు ఫెయిర్‌లో (ఫౌల్ లైన్ల లోపల) పడబోయే పాప్ అప్‌ని, అంటే పైకి లేచిన బంతిని, ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర ఉండే ఫీల్డర్) పెద్దగా కష్టపడకుండా పట్టగలడని అంపైర్‌కి అనిపిస్తే ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని ప్రకటిస్తాడు. ఆ తర్వాత బంతి పట్టుకున్నా, కింద పడేసినా బ్యాటర్ అవుట్. మూడు బేస్‌లూ నిండి ఉన్నా ఇదే రూల్. నేరుగా దూసుకెళ్ళే లైన్ డ్రైవ్‌కి, బ్యాట్ అడ్డం పెట్టి మెల్లగా తట్టే బంట్‌కి మాత్రం వర్తించదు.

ఈ రూల్ లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. షార్ట్‌స్టాప్ బంతిని కావాలనే జారవిడుస్తాడు. పట్టేస్తాడేమోనన్న భయంతో రన్నర్లు బేస్‌ల దగ్గరే ఉండిపోతారు. బంతి కింద పడగానే వాళ్ళకి పరిగెత్తక తప్పదు. తీరిగ్గా బంతి తీసి థర్డ్‌కి, అక్కణ్ణుంచి సెకండ్‌కి వేస్తే ఇద్దరూ పోతారు. 1890ల్లో ప్రొఫెషనల్ ఆటగాళ్ళు చేసింది సరిగ్గా ఇదే. దాన్ని ఆపడానికే 1895లో ఈ రూల్ తెచ్చారు. కాబట్టి ఇది మీ మీద కక్షతో పెట్టిన రూల్ కాదు, బ్యాటింగ్ టీమ్‌ని కాపాడటానికి పెట్టింది.

ఫ్రిస్కో_నాన్న
బ్యాటర్ సంగతి అర్థమైంది, చాలా థాంక్స్. మరి థర్డ్ బేస్?

స్కోర్‌బుక్_శీను
బ్యాటర్ ఫస్ట్‌కి వస్తున్నాడు కాబట్టే ఫస్ట్ మీదవాడు ఖాళీ చేయాలి, వాడు వస్తున్నాడు కాబట్టే సెకండ్ మీదవాడు ఖాళీ చేయాలి. ఫోర్స్ అంటే అంతే. వెనక బ్యాటర్ అవుటైపోయాక ఎవరి బేస్‌లో వాళ్ళు హాయిగా ఉండొచ్చు, ఎవరూ కదలక్కర్లేదు. కదలక్కర్లేనివాణ్ణి అవుట్ చేయాలంటే బేస్ తొక్కితే సరిపోదు, మనిషిని ట్యాగ్ చేయాలి. థర్డ్‌లో ట్యాగ్ చేయలేదు, సేఫ్. సెకండ్‌లో మీ వాణ్ణి ట్యాగ్ చేశారు, అవుట్.

మీ వాడికి ఒక్కటే నేర్పండి. అంపైర్ ఇన్‌ఫీల్డ్ ఫ్లై అనగానే బేస్ మీదే ఉండాలి. పరిగెత్తొచ్చు, రూల్ అడ్డు చెప్పదు, కానీ ఆ రిస్క్ తనదే. అన్నట్టు బంతి నిజంగా పట్టుకుంటే మాత్రం మామూలు క్యాచ్ లాగే, బేస్ తాకాకే కదలాలి.

కాకినాడ_కాజా
బయట పేరెంట్స్ "పరిగెత్తు" అని అరవకపోతే ఆ పిల్లాడు కదిలేవాడే కాదేమో. పాపం పిల్లలు కోచ్ మాట వినాలా, నాన్న మాట వినాలా?

ట్రావెల్‌బాల్_డాడ్
శీనుగారూ, రూల్ పుస్తకంలో మీరు చెప్పినట్టే ఉంది, కాదనను. కానీ పదేళ్ళ పిల్లలు పాప్ అప్‌లలో సగం వదిలేస్తారు. వాళ్ళ విషయంలో "తేలిగ్గా పట్టగలిగే బంతి" అనడమే విచిత్రం. ఆ వయసుకి ఇన్‌ఫీల్డ్ ఫ్లై పిలవకూడదు అంటాను నేను.

స్కోర్‌బుక్_శీను
ఆ స్థాయి పిల్లలకి ఏది తేలికో అదే అంపైర్ చూడాలి, అందులో మీతో ఏకీభవిస్తాను. అటూ ఇటూ తూలుతూ వెనక్కి పరిగెత్తే పిల్లాడైతే పిలవకూడదు. ఇక్కడ వాడు ముందే బంతి కిందికొచ్చి గ్లవ్ ఎత్తి నిలబడ్డాడని ఆయనే రాశారు. అలాంటప్పుడు పిలవకపోతే అవతలివాళ్ళకి ఉత్త పుణ్యానికి డబుల్ ప్లే (ఒకే బంతికి రెండు అవుట్లు) దొరుకుతుంది. బంతి పైదాకా వెళ్ళి కిందికి దిగడం మొదలయ్యేదాకా ఆగి, ఫీల్డర్ ఎలా నిలబడ్డాడో చూసి పిలవడం మంచి అంపైర్ల అలవాటు.

పద్మజ_అట్లాంటా
ఇన్‌ఫీల్డ్ ఫ్లై మాటెత్తితే మా ఊళ్ళో ఇప్పటికీ రక్తం మరుగుతుంది. 2012 అక్టోబర్ 5, టర్నర్ ఫీల్డ్, వైల్డ్ కార్డ్ గేమ్ (పెద్ద లీగ్‌లో ఓడినవాళ్ళు ఇంటికెళ్ళే ఒక్క ఆట). మా బ్రేవ్స్ మీద కార్డినల్స్. ఎనిమిదో ఇన్నింగ్స్, ఒక అవుట్, ఫస్ట్, సెకండ్ మీద రన్నర్లు. అచ్చం మీ వాడి పరిస్థితే. మా సిమన్స్ కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డ్ గడ్డిలోకి వెళ్ళింది. షార్ట్‌స్టాప్ కోజ్మా వెనక్కి పరిగెత్తి, ఆఖరి క్షణంలో పక్కకి తప్పుకున్నాడు. బంతి అతనికీ లెఫ్ట్ ఫీల్డర్‌కీ మధ్య పడింది. లెఫ్ట్ ఫీల్డ్ లైన్ మీదున్న అంపైర్ శామ్ హోల్‌బ్రూక్ ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని చేయెత్తాడు. జనం సీసాలు, చెత్త అన్నీ గ్రౌండ్‌లోకి విసిరారు. ఆట 19 నిమిషాలు ఆగింది. బ్రేవ్స్ ప్రొటెస్ట్ చేసినా అదే రోజు కొట్టేశారు. 6-3తో ఓడిపోయారు. మా స్టార్ చిప్పర్ జోన్స్‌కి అదే చివరి ఆట. అంత దూరం వెళ్ళిన బంతిని ఇన్‌ఫీల్డ్ ఫ్లై అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

స్కోర్‌బుక్_శీను
పద్మజగారూ, ఎక్కడ పడిందన్నది రూల్‌లో లేదండీ. ఇన్‌ఫీల్డర్ తేలిగ్గా పట్టగలడా లేదా అన్నదే ప్రశ్న. అతను బయటి గడ్డిలో నిలబడి పట్టినా సరే. నా దృష్టిలో ఆ రోజు కాల్ బాగా ఆలస్యమైంది, గొడవకి కారణం అదే. కానీ అది అంపైర్ అంచనా. అంచనా మీద ప్రొటెస్ట్ నిలబడదు.

పద్మజ_అట్లాంటా
ఆలస్యమైందని మీరే అంటున్నారుగా. రన్నర్లని కాపాడటానికి పెట్టిన రూల్ అయితే ముందే చెప్పాలి. బంతి నేల తాకబోతుండగా చెబితే ఎవరిని కాపాడినట్టు?

బే_ఏరియా_బాబాయ్
ఈ గొడవ ఇప్పట్లో తేలేది కాదు 😀 మా మామయ్యగారు నెల్లూరు నుంచి వచ్చి మూడు నెలలు ఉన్నారు. దూరదర్శన్ రోజుల నుంచీ టెస్ట్ మ్యాచ్‌లు చూసిన మనిషి. మొదటి గేమ్‌లో "ఇదేం ఆటయ్యా, కొట్టాక బ్యాట్ పారేస్తున్నాడు" అన్నారు. తిరుగు ప్రయాణం నాటికి ఇన్‌ఫీల్డ్ ఫ్లై పడితే నాకంటే ముందే వేలెత్తి చూపించేవారు.

ఓరుగల్లు_పిల్ల
ఇక్కడే నా డౌట్ కూడా అడిగేస్తా. మా బాబుకి 11, ఈ సీజన్‌లోనే మేజర్స్‌కి మారాడు. మూడో స్ట్రైక్‌కి బ్యాట్ ఊపాడు, తగల్లేదు. బంతి క్యాచర్ కాళ్ళ మధ్య నుంచి వెనక్కి పోయింది. వాడు తల దించుకుని డగౌట్ (టీమ్ కూర్చునే చోటు) వైపు నడుస్తుంటే కోచ్ "రన్, రన్" అని ఒకటే అరుపులు. వాడికి ఏమీ అర్థం కాక డగౌట్‌లోకి వెళ్ళిపోయాడు. అప్పుడు అంపైర్ అవుట్ అన్నాడు. పోయినేడు ఇట్లాంటిది ఎప్పుడూ చూడలే. స్ట్రైక్ అవుట్ అయ్యాక పరుగేంది?

స్కోర్‌బుక్_శీను
పోయినేడు మైనర్స్ కాబట్టి చూడలేదు. లిటిల్ లీగ్‌లో మైనర్స్, ఆ కిందివాళ్ళకి మూడో స్ట్రైక్ అంటే అవుటే. మేజర్స్ నుంచి రూల్ మారుతుంది. మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ సరిగ్గా పట్టుకోకపోతే, ఫస్ట్ బేస్ ఖాళీగా ఉన్నా, లేదా రెండు అవుట్లయి ఉన్నా బ్యాటర్ ఫస్ట్‌కి పరిగెత్తొచ్చు. అతన్ని ట్యాగ్ చేయాలి, లేదా బంతి ముందుగా ఫస్ట్ బేస్ చేరాలి. నేలకి తగిలి లేచిన బంతిని క్యాచర్ పట్టుకున్నా అది పట్టినట్టు కాదు. మీ బాబు డగౌట్‌లో అడుగు పెట్టేదాకా అవకాశం ఉంది, అందుకే అంపైర్ అప్పటిదాకా ఆగాడు.

పనిలో పనిగా ఇంకోటి. రెండు అవుట్లు, మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి, మూడో స్ట్రైక్ జారింది. పిల్లలు కంగారుగా ఫస్ట్‌కి విసిరి బంతిని రైట్ ఫీల్డ్‌లో పడేస్తారు. అంత అవసరం లేదు. బ్యాటర్ పరిగెడుతున్నాడు కాబట్టి అందరికీ ఫోర్స్ ఉంది. క్యాచర్ బంతి తీసుకుని హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటి బేస్) తొక్కితే చాలు, ఇన్నింగ్స్ అయిపోయింది.

ఓరుగల్లు_పిల్ల
హోమ్ ప్లేట్ తొక్కుడు సంగతి మస్తుంది. ఈ సాయంత్రమే క్యాచర్ వాళ్ళ అమ్మకి చెప్తా.

నేపర్‌విల్_సుధ
షికాగో వైపు వాళ్ళం కాబట్టి ఇది చెప్పాల్సిందే. 2005 అక్టోబర్ 12, వైట్ సాక్స్ మీద ఏంజెల్స్, లీగ్ ఛాంపియన్‌షిప్ రెండో గేమ్. 1-1, తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు అవుట్లు. వైట్ సాక్స్ బ్యాటర్ పియర్జిన్‌స్కీ బ్యాట్ ఊపి తప్పాడు. మూడో స్ట్రైక్. క్యాచర్ పట్టేశాననుకుని బంతిని దొర్లించి వెళ్ళిపోతున్నాడు. ఇతను రెండడుగులు డగౌట్ వైపు వేసి, చటుక్కున వెనక్కి తిరిగి ఫస్ట్‌కి పరిగెత్తాడు. బంతి నేలకి తగిలిందని అంపైర్ ఎడింగ్స్ అతన్ని అక్కడే ఉండనిచ్చాడు. అతని బదులు వచ్చిన రన్నర్ సెకండ్‌ని స్టీల్ చేశాడు (బంతి కొట్టకుండానే పరిగెత్తి చేరాడు), క్రీడీ డబుల్ (రెండు బేస్‌ల హిట్) కొట్టాడు, గేమ్ అయిపోయింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా వైట్ సాక్సే గెలిచింది. డౌట్ ఉంటే పరిగెత్తాలి, క్యాచర్ అయితే డౌట్ ఉంటే ట్యాగ్ చేయాలి. మా పిల్లలకి కోచ్ చెప్పేది ఇదే.

గల్లీ_క్రికెటర్
చేతికి తగిలిన బంతి సంగతి కూడా తేల్చండి. మా అబ్బాయికి బ్యాట్ పట్టుకున్న చేతి మీద బంతి తగిలింది. అంపైర్ ఫస్ట్ బేస్‌కి వెళ్ళమన్నాడు. పక్కన కూర్చున్న అమెరికన్ పెద్దాయన "చేతులు బ్యాట్‌లో భాగం, అది ఫౌల్" అని గట్టిగా వాదించాడు. నాకూ అదే కరెక్ట్ అనిపించింది. గ్లవ్‌కి తగిలి కీపర్ చేతిలో పడితే అవుటే కదా మనకి.

స్కోర్‌బుక్_శీను
అది క్రికెట్ రూల్. బ్యాట్ పట్టుకున్న చేయి, గ్లవ్ బ్యాట్ కిందే లెక్క, క్రికెట్‌లో. బేస్‌బాల్‌లో చేయి చేయే. బ్యాట్ ఊపకుండా ఉన్నప్పుడు, తప్పించుకునే ప్రయత్నం చేసినా చేతికి తగిలితే ఫస్ట్ బేస్ ఇస్తారు. ఊపుతూ ఉండగా తగిలితే స్ట్రైక్, బంతి డెడ్, అంటే ఆట అక్కడికి ఆగుతుంది. స్ట్రైక్ జోన్‌లో (ప్లేట్ మీదుగా కొట్టదగ్గ ఎత్తులో) ఉన్న బంతి తగిలినా స్ట్రైకే. మీ అబ్బాయి ఊపలేదంటే అంపైర్ చెప్పిందే సరి. అమెరికన్ పేరెంట్స్‌లో కూడా ఈ అపోహ చాలామందికి ఉంది.

ట్రావెల్‌బాల్_డాడ్
టై అయితే రన్నర్‌కి అనుకూలం అన్నది మాత్రం ఖాయం కదా? దాని మీద వాదన లేదు.

స్కోర్‌బుక్_శీను
అలా రాసిన వాక్యం పుస్తకంలో ఎక్కడా లేదు. బ్యాటర్ ఫస్ట్ బేస్ తాకకముందే బేస్‌ని ట్యాగ్ చేస్తే అవుట్ అని ఉంది. నిజంగా రెండూ ఒకే క్షణంలో జరిగితే ముందే తాకలేదు కాబట్టి సేఫ్ అనొచ్చు, మీ మాటకి మూలం అదే. కానీ ఏ అంపైరూ టై అని నిర్ణయం ఇవ్వడు. అతని కళ్ళు రన్నర్ పాదం మీద ఉంటాయి, చెవులు గ్లవ్‌లో బంతి పడే చప్పుడు మీద ఉంటాయి. ఏది ముందైతే అదే. మీరు ముప్పై గజాల దూరంలో కుర్చీలో కూర్చుని చూసింది, అతను పక్కన నిలబడి చూసింది ఒకటి కావు.

ట్రావెల్‌బాల్_డాడ్
అంటే నేను చెప్పింది సగం రైటే. తీసుకుంటాను.

నేపర్‌విల్_సుధ
ఇందాకటి నుంచి ఒక మాట చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా. చెబుతున్నా.

మా పెద్దాడికి 15. పోయిన సీజన్ నుంచి చిన్న పిల్లల గేమ్స్‌కి అంపైరింగ్ చేస్తున్నాడు. శని, ఆదివారాలు క్లినిక్‌కి వెళ్ళి నేర్చుకున్నాడు. గ్యారేజ్‌లో అద్దం ముందు నిలబడి "స్ట్రైక్" అని అరిచి గొంతు సరిచేసుకునేవాడు. ఛాతీకి కట్టుకునే ప్యాడ్ వాడికి ఇంకా వదులే. ఎడమ చేతిలో బాల్స్ (బ్యాటర్ ఊపని, స్ట్రైక్ జోన్ బయటి బంతులు), స్ట్రైక్స్ లెక్కపెట్టే చిన్న క్లిక్కర్, జేబులో బ్రష్. ప్లేట్ తుడిచేటప్పుడు పిచర్‌కి (బంతి విసిరేవాడికి) వీపు పెట్టి వంగాలని నాకు వాడే చెప్పాడు.

ఒక గేమ్‌లో హోమ్ దగ్గర దగ్గరి ప్లే. వాడు అవుట్ అన్నాడు. ఆరడుగుల మనిషి ఒకాయన కంచె పట్టుకుని ఊపుతూ "నీకు కళ్ళున్నాయా" అన్నాడు. ఆ తర్వాత ప్రతి బంతికీ ఏదో ఒకటి. గేమ్ అయ్యాక వాడు కారెక్కి ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. మానేస్తానన్నాడు. వాళ్ళ నాన్న బతిమాలితే మళ్ళీ వెళ్తున్నాడు. ఆ గేమ్‌కి వాడొక్కడే అంపైర్. ప్లేట్ వెనక నుంచి బాల్, స్ట్రైక్ చూడాలి, బంతి కొట్టగానే ముందుకి పరిగెత్తి బేస్‌లు చూడాలి, రన్నర్ ముందే కదిలాడేమో చూడాలి. రెండు కళ్ళతో ఎంతని చూస్తాడు?

ఫ్రిస్కో_నాన్నగారూ, మీరు ఇక్కడికొచ్చి అడిగారు, అది నాకు చాలా నచ్చింది. దయచేసి గ్రౌండ్‌లో పిల్లల మీద అరవకండి. ఆడేవాళ్ళూ పిల్లలే, ఆ అంపైరూ పిల్లాడే.

పద్మజ_అట్లాంటా
సుధా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మీ అబ్బాయికి నా తరఫున శభాష్ అని చెప్పండి.

ట్రావెల్‌బాల్_డాడ్
ఆ పెద్దమనిషి చేసింది తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఇంకో వైపు కూడా ఉంది. లీగ్ ఫీజులు ఏటా పెంచుతోంది. గేమ్‌కి ఇద్దరు అంపైర్లని పెట్టడం వాళ్ళ బాధ్యత. 15 ఏళ్ళ కుర్రాణ్ణి ఒక్కణ్ణే వదిలేసి, పెద్దవాళ్ళెవరూ పక్కన లేకుండా చేసింది లీగే. దాని గురించి పేరెంట్స్ గట్టిగా అడగాలి.

నేపర్‌విల్_సుధ
అది నిజం. అడిగాం కూడా. మనుషులు దొరకడం లేదంటున్నారు. ఉన్నవాళ్ళు ఎందుకు మానేస్తున్నారో పైన రాశాను.

బే_ఏరియా_బాబాయ్
పెద్ద లీగ్‌లో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడే పొరబడ్డాడు. 2010 జూన్ 2, డెట్రాయిట్. పిచర్ గలరాగా అప్పటికి వరసగా 26 మందిని అవుట్ చేశాడు. ఇంకొక్కడు చాలు, పర్ఫెక్ట్ గేమ్ (అవతలివాళ్ళు ఒక్కరూ బేస్ చేరని ఆట). ఫస్ట్ బేస్‌లో బంతి స్పష్టంగా ముందొచ్చింది, అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. టీవీలో చూసుకున్నాక తన తప్పేనని తనే చెప్పాడు. మర్నాడు లైనప్ కార్డ్ (బ్యాటర్ల వరస రాసిన కాగితం) ఇవ్వడానికి గలరాగానే ప్లేట్ దగ్గరికి వెళ్ళాడు. జాయిస్ కన్నీళ్ళు తుడుచుకున్నాడు.

ఆ జాయిసే 2013 వరల్డ్ సిరీస్ మూడో గేమ్‌లో థర్డ్ బేస్ దగ్గర ఉన్నాడు. బంతి దాటిపోయాక కింద పడి ఉన్న బాస్టన్ ఫీల్డర్ మిడిల్‌బ్రూక్స్‌ని తగిలి కార్డినల్స్ రన్నర్ క్రెయిగ్ తడబడ్డాడు. అబ్‌స్ట్రక్షన్ అని వెంటనే పిలిచాడు. దాంతో కార్డినల్స్ 5-4తో గెలిచారు. అంత టెన్షన్‌లో రూల్‌ని సరిగ్గా పట్టుకున్నాడు. కావాలని అడ్డు పడక్కర్లేదు, బంతి చేతిలో లేకుండా రన్నర్ దారికి అడ్డొస్తే చాలు.

ఫ్రిస్కో_నాన్న
సుధగారూ, మీ మాట మా టీమ్ పేరెంట్స్ గ్రూప్‌లో మీ పేరు లేకుండా పెట్టొచ్చా?

శీనుగారూ, మరి అంపైర్ నిజంగానే రూల్ తప్పు చెబితే ఏం చేయాలి? నోరు మూసుకుని కూర్చోవడమేనా?

నేపర్‌విల్_సుధ
తప్పకుండా పెట్టండి.

స్కోర్‌బుక్_శీను
అక్కర్లేదు. అవుటా సేఫా, బాలా స్ట్రైకా, ఫెయిరా ఫౌలా, ఇవి కంటితో చూసి చెప్పేవి. వీటి మీద ప్రొటెస్ట్ ఉండదు. రూల్‌నే తప్పుగా వాడితే, ఉదాహరణకి నాలుగు బాల్స్ పడ్డా బ్యాటర్‌ని ఫస్ట్‌కి పంపకపోతే, దాని మీద ప్రొటెస్ట్ చేయొచ్చు. అయితే మేనేజరే టైమ్ అడిగి, అంపైర్ దగ్గరికి నడిచి వెళ్ళి, తర్వాతి పిచ్ (పిచర్ విసిరే బంతి) పడకముందే చెప్పాలి. కంచె బయటి నుంచి చెప్పింది చెల్లదు. "మీరు ఏం చూశారు, ఏ రూల్ ప్రకారం" అని నెమ్మదిగా అడిగితే చాలామంది అంపైర్లు చెబుతారు. ఇద్దరుంటే రెండోవాణ్ణి అడగమని కోరొచ్చు.

కాకినాడ_కాజా
అప్పీల్ గురించి కూడా చెప్పండి శీనుగారూ. మా గేమ్‌లో రన్నర్ క్యాచ్ పట్టకముందే థర్డ్ వదిలి హోమ్‌కి వచ్చేశాడు. అంపైర్ చూశాడని నాకు ఖచ్చితంగా తెలుసు. ఒక్క మాట మాట్లాడలేదు. రన్ ఇచ్చేశాడు.

స్కోర్‌బుక్_శీను
ఇది క్రికెట్ తెలిసినవాళ్ళకి తేలిక. హౌజట్ అనకపోతే అంపైర్ వేలెత్తడు కదా. ఇక్కడ అన్ని అవుట్లకీ కాదు గానీ, ముందే బేస్ వదలడానికి, బేస్ తొక్కకుండా వెళ్ళడానికి ఫీల్డింగ్ టీమ్ అడగాలి. తర్వాతి పిచ్ వేయకముందే, బంతి లైవ్‌లో ఉండగా, బంతితో ఆ బేస్ తాకి "ఇతను ముందే వదిలాడు" అని అంపైర్‌కి చెప్పాలి. అడగలేదంటే అంపైర్ చూసినా చెప్పకూడదు. తప్పు మీ కోచ్‌ది, అంపైర్‌ది కాదు.

దీన్ని పిచ్ పడేటప్పుడు ముందే బేస్ వదలడంతో కలపకండి. మేజర్స్ దాకా బంతి బ్యాటర్‌ని చేరేదాకా రన్నర్ కదలకూడదు. కదిలితే సాధారణంగా వెనక్కి పంపుతారు, దానికే అవుట్ ఇవ్వరు.

ట్రావెల్‌బాల్_డాడ్
ట్రావెల్ బాల్ (ఊరూరా తిరిగి ఆడే టీమ్‌లు) నుంచి వచ్చే పిల్లలు తికమక పడేది ఇక్కడే. మా దాంట్లో లీడ్ ఆఫ్‌లు (బంతి విసరకముందే రన్నర్ బేస్ నుంచి కొంచెం ముందుకి రావడం) ఉన్నాయి, బాక్ (పిచర్ రన్నర్‌ని మోసం చేసేలా కదలడం) ఉంది. మా వాడు లిటిల్ లీగ్ గేమ్‌లో అవతలి పిచర్ మీద "బాక్, బాక్" అని అరిచాడు.

స్కోర్‌బుక్_శీను
మేజర్స్ దాకా బాక్ లేదు. తప్పుడు పిచ్ అయితే బాల్ ఇస్తారు. ఏ గేమ్‌కి ఏ పుస్తకమో సీజన్ మొదట్లోనే అడిగి తెలుసుకోండి. సగం గొడవలు టీవీలో చూసిన రూల్‌ని పదేళ్ళ పిల్లల ఆటకి అంటగట్టడం వల్లే వస్తాయి.

ఓరుగల్లు_పిల్ల
హోమ్‌కి వచ్చేటప్పుడు స్లైడ్ చేయకపోతే అవుట్ అని మా కోచ్ చెప్పాడు. అది కూడా అపోహేనా?

కాకినాడ_కాజా
మా కోచ్ కూడా అదే చెప్పాడు. కరెక్టే అనుకుంటా.

స్కోర్‌బుక్_శీను
తప్పనిసరిగా స్లైడ్ చేయాలన్న రూల్ లేదు. ఫీల్డర్ బంతి పట్టుకుని ట్యాగ్ చేయడానికి ఎదురుచూస్తుంటే, స్లైడ్ అన్నా చేయాలి, పక్క నుంచి తప్పించుకునే ప్రయత్నం అన్నా చేయాలి. నేరుగా వెళ్ళి గుద్దితే అవుట్. ఇంకో జాగ్రత్త, మేజర్స్ దాకా ముందు బేస్‌కి వెళ్తూ తల ముందుకి పెట్టి స్లైడ్ చేస్తే అవుట్. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు అయితే పర్వాలేదు. తల, మెడ దెబ్బతినకుండా పెట్టింది అది. ఇంట్లో సోఫా మీద ప్రాక్టీస్ చేసే పిల్లలకి ముందే చెప్పండి.

పద్మజ_అట్లాంటా
ఆరోగ్యం మాటొచ్చింది కాబట్టి, పిచ్ కౌంట్ (ఒక పిచర్ వేసే బంతుల లెక్క) సంగతి పేరెంట్స్ తప్పకుండా తెలుసుకోండి. 9-10 ఏళ్ళ వాళ్ళకి రోజుకి 75, 11-12 వాళ్ళకి 85. 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. 41 వేసినవాడు ఆ రోజు క్యాచర్‌గా ఆడకూడదు. గెలుపు మోజులో ఒక కోచ్ లెక్క మర్చిపోయినట్టు నటించడం నేను చూశాను. అప్పుడు మాత్రం నేను ఊరుకోలేదు, మేనేజర్‌ని పక్కకి పిలిచి అడిగాను. ఇది అంపైర్ చూసుకుంటాడులే అని వదిలేయకండి. మోచెయ్యి మన పిల్లాడిది.

స్కోర్‌బుక్_శీను
నూటికి నూరుపాళ్ళు. బ్యాటర్ మధ్యలో ఉండగా లెక్క పూర్తయితే ఆ బ్యాటర్‌ని ముగించొచ్చు, అంతే.

కొత్తగా_చేరా
మొత్తం చదివాను, చాలా నేర్చుకున్నాను. శనివారం మా గేమ్‌కి అఫీషియల్ స్కోర్‌బుక్ నా చేతిలో పెట్టారు. ఒక పిల్లాడు తన వంతు కాకుండా బ్యాటింగ్‌కి వస్తే నేనేం చేయాలి?

స్కోర్‌బుక్_శీను
ఏమీ చేయకూడదు. అఫీషియల్ స్కోరర్ గానీ అంపైర్ గానీ ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదు. అవతలి టీమ్ పట్టుకుంటే పట్టుకుంటుంది.

ఐదో బ్యాటర్ బదులు ఆరోవాడు వచ్చి డబుల్ కొట్టాడనుకోండి. తర్వాతి పిచ్ పడకముందే అవతలివాళ్ళు అప్పీల్ చేస్తే, అవుటయ్యేది రావాల్సిన ఐదోవాడు. ఆరోవాడి డబుల్ చెల్లదు, వాడు బేస్ నుంచి వచ్చేసి మళ్ళీ బ్యాటింగ్ చేస్తాడు, ఎందుకంటే ఐదోవాడి తర్వాత వంతు వాడిదే. పిచ్ పడిపోయాక అడిగితే డబుల్ చెల్లుతుంది, ఏడోవాడు కొనసాగుతాడు. మధ్యలోనే తెలిస్తే అసలు బ్యాటర్ వచ్చి అదే కౌంట్‌తో (అప్పటిదాకా పడ్డ బాల్స్, స్ట్రైక్స్‌తో) ఆడతాడు, అవుట్ లేదు.

కొత్తగా_చేరా
మా వాడి టీమే తప్పు చేసినా చెప్పకూడదా?

స్కోర్‌బుక్_శీను
చెప్పకూడదు. డగౌట్‌లో మీ టీమ్ సొంత బుక్ రాసేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళు మేనేజర్‌కి చెప్పుకోవచ్చు. మీ దగ్గరికి వచ్చి "తర్వాత ఎవరు" అని ఎవరైనా అడిగితే వాళ్ళ లైనప్ కార్డ్ చూసుకోమనండి.

కొత్తగా_చేరా
సరే. పెన్ను తీసుకెళ్ళనా, పెన్సిలా?

కాకినాడ_కాజా
పెన్సిల్. రెండు ఎరేజర్లు కూడా పట్టుకెళ్ళండి, మైనర్స్ గేమ్ కదా.